బలహీనుడికి కూడా ఒక దారి – డాక్టర్ ఆలిస్టర్ మెకంజీ జీవితం, కృషి

(ఎం.ఏ. చరిత్ర, ద్వితీయ సంవత్సరం – మన హాస్టల్ పూర్వ విద్యార్థి)

వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, పదో తరగతి పరీక్షలకు ఎలా చదవాలో రాస్తానని అనుకున్నారట. నేను గోల్ఫ్ మీద రాస్తానంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, పిల్లలకు అర్థమయ్యేలా రాయి" అన్నారు. అందుకే ఆట తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా మొదటినుంచి చెబుతాను. నాకూ రెండేళ్ల కిందటి వరకు ఏమీ తెలియదు.

నేను ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేనే. మా పెదనాన్న కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, ఎనిమిదితో చదువు ఆపేసి హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ మైదానంలో క్యాడీగా చేరాడు. క్యాడీ అంటే ఆడేవాళ్ల కర్రల సంచి మోసేవాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మైదానం గురించి చెబుతుంటే, పెద్దవాళ్ల ఆట మనకెందుకులే అని నేను వినేవాణ్ని కాదు. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో సెమినార్‌కు బోయర్ యుద్ధం అంశం వచ్చింది. దాని కోసం లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే ఒక ఇంగ్లిషు డాక్టరు పేరు కనిపించింది. యుద్ధంలో శత్రువులు కందకాలు దాచిన పద్ధతి చూసి, దానితో గోల్ఫ్ మైదానాలు కట్టాడని రాసి ఉంది. ఆ రోజు సాయంత్రమే అన్నకు ఫోన్ చేసి "బంకర్ అంటే ఏంటి?" అని అడిగాను. వాడు నవ్వి అరగంట చెప్పాడు.

ఆట గురించి నాలుగు మాటలు

క్రికెట్ మైదానం ఎక్కడైనా బల్లపరుపుగా ఉంటుంది. గోల్ఫ్ మైదానం అలా కాదు. ఏ రెండు మైదానాలూ ఒకేలా ఉండవు. గుట్టలు, వాగులు, చెట్లు, ఇసుక, అన్నీ ఆటలో భాగమే. మొత్తం 18 హోల్స్ ఉంటాయి. ఒక్కో హోల్‌కు బంతి మొదలుపెట్టే చోటును టీ అంటారు. చివర నున్నగా కత్తిరించిన పచ్చిక గ్రీన్. ఆ గ్రీన్ మీద నాలుగుంపావు అంగుళాల వెడల్పున్న చిన్న గుంత. టీ నుంచి ఆ గుంతలోకి ఎంత తక్కువ దెబ్బల్లో బంతిని పంపితే అంత గొప్ప. మధ్యలో పచ్చిక దారి ఫెయిర్‌వే. దారిలోనో గ్రీన్ పక్కనో ఉండే ఇసుక గుంట పేరే బంకర్. మంచి ఆటగాడు ఒక హోల్‌ను ఎన్ని దెబ్బల్లో ముగించాలో ఆ లెక్క పార్.

ఇప్పుడు ఆలోచించండి. 18 హోల్స్ ఏ వైపు తిరగాలి, ఇసుక గుంట ఎక్కడ ఉండాలి, గ్రీన్ ఎటు వాలాలి, ఇవన్నీ ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా. ఆ పని చేసేవాడే గోల్ఫ్ కోర్సు ఆర్కిటెక్టు. వంద సంవత్సరాల కిందట ఆ పనికి చదువు లేదు, డిగ్రీ లేదు. బాగా ఆడే వృత్తి ఆటగాడు ఒక రోజు వచ్చి, నాలుగు కర్రలు పాతి, ఇక్కడ టీ, అక్కడ గ్రీన్ అని చెప్పి వెళ్లిపోయేవాడు. మన డాక్టరు గారు బాగా ఆడేవారు కూడా కాదు. నడివయసు దాటేవరకు ఆయన ఆట అంతంత మాత్రమే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

కందకాల నుంచి ఇసుక గుంటల దాకా

ఆలిస్టర్ మెకంజీ 1870 ఆగస్టు 30న ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ప్రాంతంలోని నార్మంటన్‌లో జన్మించారు. అది బొగ్గు గనులు, రైల్వే జంక్షన్ ఉన్న ఊరు. తండ్రి స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరు. మెకంజీ కేంబ్రిడ్జిలో చదివి, తానూ డాక్టరై లీడ్స్‌లో వైద్యం చేశారు. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైతే బ్రిటిష్ సైన్యంతో డాక్టరుగా వెళ్లారు.

బోయర్లు డచ్చి సంతతి రైతులు. సంఖ్యలో తక్కువ. కానీ నేలను ఎలా వాడుకోవాలో వాళ్లకు తెలుసు. నా సెమినార్‌లో నేను ఎక్కువ సేపు చెప్పింది మాగర్స్‌ఫాంటైన్ యుద్ధం గురించి. 1899 డిసెంబర్ 11. కొండ మీద శత్రువు ఉంటాడని బ్రిటిష్ ఫిరంగులు కొండను పేల్చాయి. బోయర్లు కొండ మీద లేరు. కొండ కింద నేలలో కందకాలు తవ్వి, అవి కనపడకుండా కప్పి, అందులో కూర్చున్నారు. తెల్లవారుజామున ముందుకు నడిచిన బ్రిటిష్ సైనికుల్లో తొమ్మిది వందల మందికి పైగా చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగింది.

ఇక్కడ ఒక మాట. బ్రిటిష్‌వాళ్లూ బోయర్లూ కొట్టుకున్న ఆ నేల అంతకుముందు ఆఫ్రికా ప్రజలది. అదే యుద్ధంలో గాంధీగారు నేటాల్‌లో భారతీయులతో అంబులెన్సు దళం నడిపారు. అందులో చాలామంది చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు. ఆనాటి మద్రాసు రాష్ట్రం నుంచి నేటాల్‌కు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు కూడా ఎందరో ఉన్నారు. పుస్తకాల్లో జనరల్స్ పేర్లుంటాయి, స్ట్రెచర్లు మోసినవాళ్ల పేర్లు దొరకవు. సరే, విషయానికి వస్తాను.

బోయర్ల కందకాలు చూసి మెకంజీ ఒక సంగతి కనిపెట్టారు. మనిషి చేసిన పని ప్రకృతిలో కలిసిపోవాలంటే అంచులు తిన్నగా ఉండకూడదు. తవ్విన మట్టి పక్కన కుప్పగా కనపడకూడదు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ గోల్ఫ్ మైదానాల్లో బంకర్లు శ్మశానంలో గోతుల్లా చతురస్రంగా, పక్కనే మట్టి గట్టుతో ఉండేవి. మెకంజీ బంకర్ అంచులు గాలి తిన్న ఇసుక తిన్నెలాగా వంకరలు తిరిగి ఉంటాయి. తవ్విన మట్టిని దూరం దాకా పరిచి, మెల్లగా వాలే దిబ్బలు చేయించేవారు. వాటిమీద గడ్డి కోసే యంత్రం సులువుగా పోతుంది కాబట్టి ఖర్చూ తగ్గేది. ఇంకో చమత్కారం ఉంది. దూరం నుంచి చూస్తే బంకర్ గ్రీన్‌ను ఆనుకునే ఉన్నట్టు కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే మధ్యలో బోలెడు ఖాళీ. భయపడినవాడు తప్పు కొడతాడు, నేలను సరిగ్గా చదివినవాడు బతికిపోతాడు.

1907లో లీడ్స్ దగ్గర ఆల్వుడ్లీ అనే క్లబ్బు పెట్టినప్పుడు మొదటిసారి ఆయనకు తన ఊహలు నేల మీద పెట్టే అవకాశం వచ్చింది. తోటి సభ్యులకు ఆయన గీతలు నచ్చలేదు. అప్పటికే పేరున్న హ్యారీ కోల్ట్ అనే ఆర్కిటెక్టును సలహాకు పిలిచారు. కోల్ట్ కేంబ్రిడ్జిలో లా చదివినాయన. ఆయన వచ్చి చూస్తే ఇద్దరి ఆలోచనలూ ఒకటే. అలా డాక్టరు గారి మాట నెగ్గింది. తర్వాత పక్కనే మూర్‌టౌన్ క్లబ్బులో డబ్బు తక్కువై, ముందు ఒక్క హోల్ మాత్రం కట్టి చూపించారు. జిబ్రాల్టర్ అని పేరుపడిన ఆ హోల్ చూసి మిగతావాటికి డబ్బు పుట్టింది. 1929లో బ్రిటన్‌లో జరిగిన మొదటి రైడర్ కప్ ఆ మైదానంలోనే జరిగింది.

1914లో 'కంట్రీ లైఫ్' పత్రిక ఒక హోల్ నమూనా గీయమని పోటీ పెట్టింది. మెకంజీ గీసినదానికి మొదటి బహుమతి వచ్చింది. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం. ఈసారి సైన్యం ఆయన్ను వైద్యం కంటే కందకాలు దాచే విద్య నేర్పడానికే ఎక్కువ వాడుకుంది. యుద్ధం అయ్యాక వైద్యం వదిలేసి పూర్తిగా మైదానాల పనిలో దిగారు. అప్పటికి ఆయన వయసు యాభైకి దగ్గర. ఆ వయసులో కొత్త వృత్తి!

ఒకే పేపర్, అందరికీ ఛాయిస్

1920లో 'గోల్ఫ్ ఆర్కిటెక్చర్' అనే చిన్న పుస్తకం రాశారు. అందులో మంచి మైదానానికి ఉండవలసిన 13 లక్షణాలు చెప్పారు. అన్నీ రాయను, నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను. ప్రతి హోల్ వేరుగా ఉండాలి. మనిషి చేసింది ఏదో, ప్రకృతిది ఏదో తెలియకూడదు. పోయిన బంతి కోసం పొదల్లో వెతుక్కునే బాధ ఉండకూడదు. గ్రీన్ దిగి తర్వాతి టీకి వెళ్లడానికి ఎక్కువ దూరం నడిపించకూడదు. గొప్ప ఆటగాడికి ఇంకా బాగా ఆడాలనే పట్టుదల కలగాలి. ఎన్ని దెబ్బలు ఎక్కువైనా సరే, చేతకానివాడు కూడా ఆటను ఆనందించాలి. అందుకోసం ప్రతి హోల్‌లో బలవంతుడికి ఒక దారి, బలహీనుడికి ఒక దారి ఉండాలి.

ఈ చివరి రెండు మాటల దగ్గర నేను చాలా సేపు ఆగిపోయాను. ఎందుకంటే అంతకుముందు చాలామంది ఆలోచన వేరుగా ఉండేది. తప్పు కొట్టినవాణ్ని శిక్షించాలి, అందుకు టీ ముందు అడ్డంగా ఒక పెద్ద గుంట తవ్వాలి. దాన్ని దాటే బలం ఉన్నవాడు దాటతాడు. లేనివాడు ప్రతిసారీ అందులోనే పడతాడు. బాగా ఆడేవాడికి ఆ గుంటతో పనే లేదు, అది కేవలం బలహీనుడి మీద పన్ను. మెకంజీ తాను సరిగా ఆడలేనివాడు కాబట్టే ఈ సంగతి ఆయనకు తెలిసిందని నా అభిప్రాయం. గుంటలో పడ్డవాడికి తెలిసినంతగా గుంట సంగతి దాటినవాడికి తెలియదు.

తమ్ముళ్లకు అర్థం కావాలంటే పరీక్ష పేపర్‌తో చెబుతాను. కొన్ని పేపర్లు అసలు ఛాయిస్ లేకుండా ఇస్తారు. ఒక్క లెక్క రాకపోతే పదిహేను మార్కులు పోతాయి. ఇంకో రకం పేపర్ ఉంటుంది. చిన్న ప్రశ్నలు జాగ్రత్తగా రాసినవాడికి 35 దాటతాయి, అదే పేపర్‌లో చివరి కష్టమైన లెక్క చేసినవాడికి 95 వస్తాయి. పేపర్ ఒకటే, సులభం చేసిందేమీ లేదు. మెకంజీ హోల్ ఈ రెండో రకం.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా నేషనల్ మైదానంలో 13వ హోల్ చూడండి. ఇది పార్ 5, అంటే అయిదు దెబ్బల హోల్. 1934లో పొడవు సుమారు 480 గజాలు. దారి ఎడమకు వంగుతుంది. ఎడమ అంచు వెంబడే సన్నని వాగు పారి, చివరకు గ్రీన్ ముందు నుంచి అడ్డంగా పోతుంది. ధైర్యవంతుడు మొదటి దెబ్బ వాగు పక్కనుంచే కొడతాడు. అక్కడ నేల చదును, దూరమూ తక్కువ. రెండో దెబ్బతో వాగు దాటించి గ్రీన్ మీద వేయవచ్చు. గురి తప్పితే నీళ్లే. అంత బలం లేనివాడు కుడివైపు విశాలంగా ఉన్నచోట వేసుకుని, రెండో దెబ్బకు వాగు ముందు ఆపుకుని, మూడో దెబ్బతో మెల్లగా గ్రీన్ మీదికి పంపుతాడు. అతనికి అయిదు దెబ్బలు పడతాయి, మొదటివాడికి నాలుగు. లేదా మొదటివాడు దురాశకు పోయి ఏడు కొట్టుకుంటాడు. ఎవరినీ ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరి దారి వాళ్లే ఎంచుకున్నారు. మొత్తం ఆగస్టా మైదానంలో మొదట్లో ఉన్న బంకర్లు 22 మాత్రమే. నేల వాలుతోనే పరీక్ష పెట్టారు.

ఈ ఆలోచనకు గురువు ఎవరంటే, మనిషి కాదు, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పాత మైదానం. దాన్ని ఏ ఆర్కిటెక్టూ గీయలేదు. గాలి, ఇసుక, గొర్రెలు, శతాబ్దాల తరబడి ఆడినవాళ్ల అడుగులు కలిసి చేసిన నేల అది. పైగా క్లబ్బు సొత్తు కాదు, పట్టణ ప్రజల ఉమ్మడి భూమి. మెకంజీ దాన్ని గజం గజం కొలిచి గీసిన పటం 1924లో వెలువడింది. ఇప్పటికీ ఆ పటం చాలా క్లబ్బుల గోడల మీద ఉంటుందట.

దేశదేశాలు

1926లో ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడ ఉన్న కొద్ది వారాల్లోనే ఎన్నో మైదానాలకు గీతలు గీసి ఇచ్చారు. అందులో గొప్పది రాయల్ మెల్‌బోర్న్ పడమటి మైదానం. ఆయన గీసి ఓడెక్కి వెళ్లిపోయారు. కట్టింది అలెక్స్ రస్సెల్ అనే ఆటగాడు, మిక్ మార్కమ్ అనే మైదాన సంరక్షకుడు. గుర్రాలకు పారలు కట్టి మట్టి లాగించేవారు. ఆ మైదానం 1931లో తెరిచారు.

అక్కడి నుంచి అమెరికా. కాలిఫోర్నియా సముద్రతీరంలో సైప్రస్ పాయింట్ మైదానం 1928లో పూర్తయింది. ఆ పని ఆయనకు రావడంలో మేరియన్ హాలిన్స్ అనే ఆవిడ పాత్ర ఉంది. ఆవిడ 1921లో అమెరికా మహిళల అమెచ్యూర్ ఛాంపియన్, తర్వాత భూములు అభివృద్ధి చేసే పని చేపట్టింది. అక్కడ 16వ హోల్ టీ ఒక బండ మీద, గ్రీన్ ఇంకో బండ మీద, మధ్యలో సముద్రం. అంత దూరం ఎవరూ కొట్టలేరని మొదట అనుకున్నారట. హాలిన్స్ బంతి తీసుకుని అవతలి ఒడ్డున వేసి చూపించిందని చెబుతారు. ఇక్కడ కూడా మెకంజీ ఎడమవైపు నేల మీదుగా వెళ్లే చిన్న దారి ఉంచారు. సముద్రం దాటలేనివాడు అటు కొట్టి, రెండో దెబ్బతో గ్రీన్ చేరవచ్చు.

హాలిన్స్ శాంటా క్రజ్‌లో కట్టించిన పాసటియెంపో మైదానం 1929లో తెరిచారు. మెకంజీ అక్కడే ఆరో హోల్ పక్కన ఇల్లు కట్టుకున్నారు. ప్రారంభం రోజు ఆడినవారిలో ఆనాటి ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు బాబీ జోన్స్ ఉన్నాడు. 1930లో ఆట విరమించిన జోన్స్, ఆగస్టాలో 365 ఎకరాల పాత మొక్కల నర్సరీ కొని మైదానం కట్టాలనుకున్నప్పుడు మెకంజీనే పిలిచాడు.

చూడని మైదానం, అందని డబ్బు

అప్పటికి అమెరికాలో మహా ఆర్థిక మాంద్యం. బ్యాంకులు మూతపడుతున్నాయి. మెకంజీకి ఒప్పుకున్న రుసుము 10,000 డాలర్లు. దాన్ని సగానికి తగ్గించారు. ఆ సగం కూడా పూర్తిగా అందలేదు. డబ్బు పంపమని ఆయన రాసిన ఉత్తరాలు చదివితే బాధేస్తుంది. ప్రపంచంలో పేరున్న మనిషి ఇల్లు గడవడానికి అడుగుతున్నాడు. ప్రయాణం ఖర్చు కూడా లేక, పని చూసి రమ్మని ఒకసారి తన తరఫున మేరియన్ హాలిన్స్‌ను పంపారు.

మైదానం 1933 జనవరిలో లాంఛనంగా ప్రారంభమైంది. గడ్డి మొలిచి పూర్తయిన ఆగస్టాను మెకంజీ ఎప్పుడూ చూడలేదు. 1934 జనవరి 6న శాంటా క్రజ్‌లో తన 63వ ఏట మరణించారు. రెండున్నర నెలల తర్వాత, మార్చి 22న, అక్కడ మొదటి టోర్నమెంట్ మొదలైంది. దాన్నే ఇప్పుడు మాస్టర్స్ అంటారు, టీవీలో కోట్లమంది చూస్తారు. ఆయన చివరి రోజుల్లో రాసిన 'ది స్పిరిట్ ఆఫ్ సెయింట్ ఆండ్రూస్' రాతప్రతి దశాబ్దాల పాటు కుటుంబం దగ్గర కాగితాల్లో పడి ఉండి, 1995లో పుస్తకంగా వచ్చింది.

గేటు సంగతి

వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ మన హాస్టల్ సంచికలో రాస్తూ ఈ సంగతి రాయకపోతే నాకే బాగుండదు.

నేల మీద బలహీనుడికి దారి ఉంది. మరి గేటు దగ్గర? ఆగస్టాలో దశాబ్దాల పాటు క్యాడీలందరూ నల్లజాతివాళ్లే. 1982 వరకు మాస్టర్స్ ఆడే ప్రతి ఆటగాడూ క్లబ్బు క్యాడీనే తీసుకోవాలి. అంటే ఆ వాలులన్నీ పాదాలతో తెలిసినవాళ్లు నల్లవాళ్లు. ఆడేవాళ్లు, సభ్యులు తెల్లవాళ్లు. అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం నియమావళిలో తెల్లజాతివాళ్లకే సభ్యత్వం అనే షరతు 1961 దాకా ఉంది. మాస్టర్స్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్, 1975లో. క్లబ్బు మొదటి నల్లజాతి సభ్యుణ్ని చేర్చుకున్నది 1990లో. 1997లో టైగర్ వుడ్స్ అక్కడ 12 దెబ్బల తేడాతో గెలిచాడు. మొదటి మహిళా సభ్యులు 2012లో వచ్చారు. మైదానం పని చూడటానికి హాలిన్స్ వెళ్లిన తర్వాత ఎనభై ఏళ్లకు! లీ ఎల్డర్‌ను 2021లో ప్రారంభ దెబ్బ కొట్టే గౌరవానికి పిలిచారు. ఆరోగ్యం బాగాలేక ఆయన కొట్టలేకపోయారు, కర్ర పైకెత్తి కూర్చున్నారు. ఆ సంవత్సరమే నవంబర్‌లో కన్నుమూశారు.

కార్ల్ జాక్సన్ అనే క్యాడీ 1961లో పద్నాలుగేళ్ల వయసులో మొదటిసారి మాస్టర్స్‌లో సంచి మోశాడు. 1983 నుంచి ఆటగాళ్లు సొంత క్యాడీలను తెచ్చుకోవచ్చన్నప్పుడు చాలామంది పాతవాళ్ల పని పోయింది. బెన్ క్రెన్‌షా మాత్రం జాక్సన్‌నే ఉంచుకున్నాడు. 1984లో, మళ్లీ 1995లో గెలిచాడు. రెండోసారి గెలవడానికి ముందు తన ఊపులో తప్పు సరిదిద్దింది జాక్సనే అని క్రెన్‌షా స్వయంగా చెప్పాడు.

ఈ పాపం మెకంజీ మీద వేయడం న్యాయం కాదు. క్లబ్బు నియమాలు ఆయన రాయలేదు. అలాగని ఆయన వాటికి ఎదురు చెప్పినట్టు కూడా నేను ఎక్కడా చదవలేదు. అయితే ఆగస్టా పని నడుస్తున్న రోజుల్లోనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కోసం షార్ప్ పార్క్ అనే మైదానం గీశారు. సముద్రం పక్కనే, 1932లో తెరిచారు. అది నగర ప్రజల మైదానం. సభ్యత్వం అక్కరలేదు, టికెట్టు కొని ఎవరైనా ఆడవచ్చు. ఆయన పేరు చెబితే అందరూ ఆగస్టా అంటారు. నన్నడిగితే షార్ప్ పార్క్ పేరు ముందు చెబుతాను.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆగస్టా 13వ హోల్ పటం జిరాక్స్ తీసుకెళ్లి అన్నకు చూపించాను. ఎక్కడిదో చెప్పలేదు. వాడు కాగితాన్ని అడ్డంగా తిప్పి, వాగు గీత మీద వేలు జరుపుకుంటూ కాసేపు చూశాడు. తర్వాత వాగుకు ఇవతల ఒక చోట బొటనవేలు ఆనించి, "కొత్త సారైతే ఇక్కడ ఆపమంటాను" అన్నాడు.

"బాగా ఆడే సారైతే?"

"ఏమీ చెప్పను. పెద్ద కర్ర తీసి చేతికిస్తాను."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి వచ్చేటప్పుడు సముద్రం మీదుగా కొట్టే ఆ పదహారో హోల్ పటం కూడా తెమ్మన్నాడు.